తిరిగొచ్చేవాడి గుర్తు

ఆమెకి కోపం రాని రోజు ఒక్కటి చూపించమంటే ఆ అడవిలో పనిచేసేవాళ్ళెవరూ చూపించలేరు. వానపడితే కోపం. ఎండకాస్తే కోపం. సెలవురోజున జనం విరగబడి వస్తే "ఏం కొంప మునిగిందని అందరూ ఒక్కరోజే తగలడతారు" అని కోపం. రాకపోతే "ఇంత అడవి పక్కన పెట్టుకుని ఇళ్ళలో గోడలు చూస్తూ కూచుంటారు దద్దమ్మలు" అని దానికి రెట్టింపు కోపం. ఎదురుగా ఉన్నప్పుడు అందరూ రంగులక్క అంటారు. పక్కకి తిరగ్గానే కొలిమి అంటారు. రెండో పేరు సంగతి ఆమెకి తెలుసు. చిత్రం ఏమిటంటే, దాని మీద మాత్రం కోపం లేదు.

నగరంలో బస్సు ఆఖరి స్టాపు దగ్గర అడవి మొదలవుతుంది. వారమంతా ఆఫీసుల్లో, కొట్లలో, మిషన్ల ముందు నలిగిన జనం సెలవు దొరగ్గానే అక్కడ దిగుతారు. కొందరు నడుస్తారు, కొందరు పరుగెడతారు, కొందరు సైకిళ్ళు తొక్కుతారు, కొందరు దుప్పటి పరుచుకుని గురకపెడతారు. వాళ్ళకి మూడు దారులున్నాయి. పసుపు దారి మూడు కిలోమీటర్లు, అది పిల్లలకి. ఎరుపు దారి ఏడు. నీలం దారి పద్నాలుగు. అడవి నడుం చుట్టూ తిరిగి మళ్ళీ గేటు దగ్గరికే వస్తుంది. ఈ దారులకి కంచెలు లేవు, తాళ్ళు లేవు. చెట్ల మీద అరచేయంత రంగు గుర్తులు, అంతే. ఒక గుర్తు దగ్గర నిలబడి తలెత్తితే తర్వాతది కనబడాలి. ఆ గుర్తులు వేసేది రంగులక్క. ఇరవై ఆరేళ్ళుగా వేస్తోంది.

అదీ ఒక పనేనా అనుకునేవాళ్ళు బోలెడుమంది. ఒకసారి చెవుల్లో వైర్లు పెట్టుకున్న కుర్రాడొకడు ఆగి, "చెట్లకి రంగెయ్యడం కూడా ఉద్యోగమేనా ఆంటీ?" అన్నాడు.

"కాదు నాయనా, సరదా. నువ్వు దారి తప్పి అమ్మా అని ఏడుస్తుంటే చూడ్డం ఇంకా సరదా."

వాడు వైర్లు తీసేసుకుని గబగబా వెళ్ళిపోయాడు.

పని సంగతి చెప్పాలి. ముందు ఇనప బ్రష్షుతో బెరడు మీద రాలిపోయే పొట్టు వరకే గీకాలి. లోతుగా గీకితే చెట్టుకి పుండు. గరుకు బెరడు రంగుని తాగేస్తుంది, దానికి రెండు పూతలు. నునుపు బెరడు తాగదు, కానీ మూడేళ్ళకి అట్ట కట్టి ఊడగొట్టేస్తుంది. రంగులక్క పొట్టి మనిషి. అందుకని ముక్కాలిపీట ఒకటి వీపుకి తగిలించుకుని తిరుగుతుంది. గుర్తు తన కంటి ఎత్తున కాదు, జనం కంటి ఎత్తున పడాలి. వేశాక ఇరవై అడుగులు నడిచి వెనక్కి తిరిగి చూస్తుంది. కొమ్మ అడ్డొస్తే కొమ్మ పోతుంది. మనిషి అడ్డొస్తే తిట్లు తింటాడు.

ఇదంతా నేర్పింది ముసలి మేస్త్రి. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పనిలో చేరిన మొదటి రోజున ఆయన ఆమెని ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి నీలం గుర్తు చూపించాడు. తర్వాత చెట్టు చుట్టూ తిప్పి, ఇంకో పక్కకి తీసుకెళ్ళాడు. అక్కడా ఒక నీలం గుర్తు.

"ఇదెవరికి?" అంది ఆమె.

"తిరిగొచ్చేవాడికి," అన్నాడు మేస్త్రి. "ఎల్లేప్పుడు కనబడే చెట్టు వొచ్చేప్పుడు కనబడదు. అందుకని ఎల్తూ ఒకరోజు, వొస్తూ ఒకరోజు. రెండు రోజులు నడిస్తేనే ఒక దారి. గుర్తుంచుకో."

గుర్తుంచుకుంది. ఏడాదికోసారి వానలు వెనకబట్టాక నీలం దారిని ముందు నించి చివరకి, చివర నించి ముందుకి నడుస్తూ రెండు ముఖాలూ వేసేది. పోయేవాడికో గుర్తు, వచ్చేవాడికో గుర్తు. ఇరవై ఆరేళ్ళలో ఆ దారిలో ఒక్క మనిషి తప్పిపోలేదు. తప్పిపోని మనిషి గురించి ఎవరూ మాట్లాడుకోరు కాబట్టి ఆ సంగతి ఎవరికీ తెలియదు.

అప్పుడు కొత్త అధికారి వచ్చాడు.

ఆయన చెడ్డవాడని చెప్పడం తేలిక. కానీ అబద్ధం. కుర్రవాడు, చదువుకున్నవాడు, ఇస్త్రీ మడత నలగనివాడు. ఆయన వచ్చిన నెలకే నీలం దారిలో వేగంగా వస్తున్న సైకిలువాడొకడు, ఎదురొస్తున్న ఒకామెని గుద్దేశాడు. ఆవిడకి భుజం దగ్గర ఎముక విరిగింది. పైవాళ్ళు ఆయన్ని పిలిచి గడ్డి పెట్టారు. ఆయన రెండు రోజులు ఆలోచించి రంగులక్కని గదికి పిలిచాడు. గోడకి అడవి పటం, బల్ల మీద గాజుపలక, దాని కింద ఆయన పెళ్ళాం పిల్లాడి ఫొటో. కుర్చీ చూపించినా ఆమె కూచోలేదు. ప్యాంటుకి రంగు.

"ఇకనించి నీలం దారి ఒకే దిశ అమ్మా. అందరూ ఎడమ పక్కనించి వెళ్ళి కుడి పక్కనించి రావాలి. గేటు దగ్గర బోర్డు పెట్టిస్తున్నాను. వెనక వైపు గుర్తులు చూసే కదా జనం ఎదురు నడుస్తున్నారు? వాటిని తీసేయండి."

"తీసేయడమా?"

"బెరడు రంగు పూసి చెరిపేయండి. సగం పని తగ్గుతుంది మీకు. సంతోషమే కదా!"

"మరి తిరిగొచ్చేవాళ్ళు?"

"ఎందుకు తిరిగొస్తారు? చుట్టుదారి కదా. ముందుకెళ్తే గేటుకే వస్తారు."

దీనికి జవాబు రంగులక్క దగ్గర ఉంది. ఇరవై ఆరేళ్ళ జవాబు. నిదానంగా కూచుని చెప్పి ఉంటే ఆ మనిషి వినేవాడేమో కూడా. కానీ అరికాలి మంట అప్పటికే నెత్తికెక్కింది. కోపం వస్తే ఆమెకి ఒక జబ్బు: చెప్పాల్సిన మాట గొంతులో ఇరుక్కుపోతుంది, అక్కర్లేనివి నూటొక్కటి బయటకొస్తాయి.

"సైకిలు తొక్కడం రానివాడికి కళ్ళు లేకపోతే చెట్టుకి శిక్షా? మీరెప్పుడైనా నడిచారా సార్ ఆ దారి? ఆ బూట్లతోనా? పటం మీద వేలు పెట్టి నడిస్తే కాళ్ళు నొప్పెట్టవులెండి!"

ఆయన మొహం ఎర్రబడింది. "ఇది ఆర్డరమ్మా. సలహా అడగలేదు."

"ఆర్డరా? అలా చెప్పండి మరి. చేస్తాను. ఒక్కటి మిగలదు. చూసుకోండి."

తలుపు వేసిన చప్పుడికి గోడ మీద పటం పక్కకి ఒరిగింది.

ఆమె అన్నంత పనీ చేసింది. ఇక్కడే అసలు తప్పు జరిగింది. అధికారి చేసిన తప్పు కాదు, ఆమెది. వేరే కూలీ ఎవరైనా అయితే డబ్బాలో గోధుమరంగు ఒక్కటే కలిపి, వచ్చిన చోట వచ్చినట్టు పులిమేసేవాడు. అలా పులిమితే నీలం పోయినా పులుము మిగిలేది. కాస్త తెలివైనవాడు ఆ పులుము పట్టుకుని వెనక్కి రాగలిగేవాడు. రంగులక్కకి అలా పులమడం రాదు. ఏ పనైనా సగం చేయడం ఆమె చేతులకి తెలియదు. పైగా పంతం. ప్రతి చెట్టు దగ్గరా ఆగి ఆ చెట్టు బెరడుకి సరిపోయే రంగు కలిపింది. బూడిద రంగు బెరడుకి బూడిద, నాచు పట్టినదానికి పచ్చ కలిపిన బూడిద, నల్లగా ఉన్నదానికి కొంచెం మసి. పూశాక ఎండిపోయిన నాచుపొడి చల్లింది. ఇరవై అడుగులు నడిచి, తిరిగి చూసింది. కనబడితే మళ్ళీ పూసింది. ఎనిమిది రోజులు. నీలం దారి వెనక ముఖం మీద మూడువందల పైచిలుకు గుర్తులుంటే, ఎనిమిదో రోజు సాయంత్రానికి వాటిని వేసిన మనిషికి కూడా అవి ఎక్కడున్నాయో తెలియకుండా పోయింది.

"చాలా బాగా చేశారు," అన్నాడు అధికారి, చివరి చెట్టు వరకు వచ్చి చూసి. నిజంగానే మెచ్చుకున్నాడు.

"బాగానే చేస్తాను. ఎవడికో ఒకడికి నెత్తి మీదకొస్తే అప్పుడు తెలుస్తుంది ఎంత బాగా చేశానో!" అంది.

ఆ మాట ఆమె నోటినుంచే వచ్చింది. మర్చిపోకండి. ఆమె మర్చిపోలేదు.

బుధవారాలు జనం పలచగా ఉంటారు. బుధవారం వచ్చేవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు సిటీ బస్సు డ్రైవరు. ఉద్యోగం అయిపోయాక ఇంట్లో కూచోలేక ప్రతి బుధవారం అదే బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూచుని వాడికి సలహాలిస్తూ, ఆఖరి స్టాపులో దిగి నీలం దారి మొత్తం నడిచేవాడు. రంగులక్కకి ఆయన బాబాయ్. రక్తసంబంధం ఏమీ లేదు. పదేళ్ళ క్రితం ఒక మలుపులో ఆమె పీటెక్కి గుర్తు వేస్తుంటే వచ్చి, "హారను కొట్టనా, పక్కకి జరుగుతావా?" అన్నాడు. "కొట్టు, చూద్దాం," అంది. అప్పటినించి బాబాయ్.

"ఏమే అమ్మాయ్, ఈసారి గుర్తులు వంకరగా వేశావు?"

"నీ మెడ వంకర బాబాయ్. స్టీరింగు పట్టుకుని పట్టుకుని అలా తిరిగిపోయింది."

గుర్తులు చెరిపాక వచ్చిన బుధవారం ఆమె ఎరుపు దారిలో పడిపోయిన కొమ్మలు లాగేస్తోంది. గేటు దగ్గర టిక్కెట్లు చింపేది ఆమె సొంత తమ్ముడే. నీలం దారికి వెళ్ళేవాళ్ళ పేర్లు ఒక పుస్తకంలో రాయించుకోవడం, తిరిగొచ్చాక కొట్టేయడం అతని పని. పొద్దున్న తొమ్మిదికి బాబాయి పేరు రాశాడు. బోర్డు కూడా చూపించాడు. "ఇటే వెళ్ళాలి బాబాయ్, వెనక్కి రాకూడదు." "నేనేం బస్సనుకున్నావా రివర్సు చెయ్యడానికి?" అని బాబాయి నవ్వుతూ వెళ్ళిపోయాడు. నాలుగింటికల్లా వచ్చేయాలి. నాలుగైంది. నాలుగున్నరైంది. మధ్యాహ్నం ఒక జల్లు పడి ఆగింది. అయిదింటికి తమ్ముడు అక్కకి ఫోను చేశాడు.

"అక్కా, బాబాయి ఇంకా రాలేదు. చివర్లో వచ్చిన సైకిళ్ళవాళ్ళని అడిగాను. దారి మొత్తం చూసుకుంటూనే వచ్చారట. ఎవరూ లేరన్నారు."

ఆమె చేతిలో కొమ్మ అక్కడే పడేసింది. దారిలో లేడంటే ముందుకి నడవలేదు. ముందుకి నడవలేదంటే తిరిగాడు. తిరిగితే?

ఆపైన ఆలోచించడానికి ఏమీ లేదు. పరుగెత్తింది. యాభై రెండేళ్ళ మనిషి, పొట్టి మనిషి, తడిసిన ఆకుల మీద జారుతూ, లేస్తూ, దారి పొడవునా తిడుతూ. అధికారిని తిట్టింది, సైకిలువాడిని తిట్టింది, మోకాళ్ళు అరిగినా ఇంట్లో కూచోని ముసలాళ్ళందరినీ తిట్టింది. వెనక తమ్ముడు టార్చి పట్టుకుని పరుగు. అయిదో కిలోమీటరు దాటాక, కలప బళ్ళు తిరిగిన పాత జాడ ఒకటి నీలం దారిని అడ్డంగా కోసుకుంటూ పోతుంది. వెళ్ళేవాడికి అక్కడ ఇబ్బంది లేదు, ఎదురుగా నీలం గుర్తు పిలుస్తూ ఉంటుంది. వచ్చేవాడికి మూడు దారులు కనబడతాయి. మూడూ ఒకేలా ఉంటాయి. అక్కడ ఒక చెట్టుకి వెనకవైపు రెండు గుర్తులు ఒకదాని పక్కన ఒకటి వేసి ఉండేవి, మలుపని చెప్పడానికి. వాటిని చెరపడానికి ఆమె మధ్యాహ్నం అంతా కూచుంది. నాచు కూడా అతికించింది.

ఆ చెట్టు ముందు ఒక్క క్షణం ఆగింది. ఏమీ కనబడలేదు. ఎంత బాగా చేసిందో అప్పుడు చూసింది.

"బాబాయ్!" అని అరిచింది. ఆ కేకకి కాకులు లేచాయి.

కలప బాట వెంట ముప్పావు కిలోమీటరు పోయాక దొరికాడు. వాననీళ్ళ గాడిలో ఒక కాలు పెట్టి, గట్టుకి వీపు ఆనించి కూచుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. పళ్ళు కటకటలాడుతున్నాయి. ఇంకా వెలుతురు ఉంది. మొహం స్పష్టంగానే కనబడింది. కనబడకపోతే బాగుండేది.

"బుద్ధుందా నీకు? ముందుకెళ్ళి చావకుండా వెనక్కెందుకు తిరిగావు?" అని అరిచింది, తన కోటు తీసి ఆయనకి కప్పుతూ.

"మోకాలు పట్టేసిందే. ముందుకైతే ఇంకా తొమ్మిది. వెనక్కైతే అయిదే కదా. తెలిసిన దారే కదా అనుకున్నా." ఆయన గొంతు ఎప్పటిలా లేదు. "తిరిగి చూస్తే ఒక్క గుర్తు లేదమ్మాయ్. ఇంకో చెట్టు చూశా. లేదు. పదేళ్ళుగా చూస్తున్నాను కదా, ఉండేవి కదా? కళ్ళజోడు తుడుచుకుని చూశా. లేవు. నాకు మతి పోయిందనుకున్నా. ఇలాగే మొదలవుతుందంటారు కదా. మా అన్నకి ఇలాగే మొదలైంది... నాకు కాలు నొప్పికి భయమెయ్యలేదు. దానికి భయమేసింది."

అక్కా తమ్ముళ్ళిద్దరూ ఆయన్ని చెరో భుజం పట్టి లేపారు. అయిదు కిలోమీటర్లు మోసుకొచ్చారు. ఆ దారంతా ఆమె ఒక్క తిట్టు తిట్టలేదు. తమ్ముడికి అదే ఎక్కువ భయం వేసింది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళింది. మోకాలికి కట్టు, ఛాతీలో చలి, ఇంకో వారం ఉండాలన్నారు. మంచం పక్కన నిలబడే చెప్పేసింది.

"నీ మతి బాగానే ఉంది బాబాయ్. గుర్తులు లేవు. నేనే చెరిపాను."

"నువ్వా?"

"చెరపమన్నారు. చెరిపాను. కోపమొచ్చి బాగా చెరిపాను."

ఆయన కప్పు వైపు చూశాడు. "ముప్ఫై అయిదేళ్ళు బస్సు నడిపాను. టైమైపోయింది, పోనీయ్ పోనీయ్ అని పైవాళ్ళు ఎన్నిసార్లు మొత్తుకున్నారో. దిగేవాడి కాలు నేల మీద ఆనకుండా ఒక్కసారి కూడా కదల్చలేదు." అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "వెళ్ళు."

ఆమెని జీవితంలో చాలామంది తిట్టారు. అందరికీ వడ్డీతో సహా అప్పజెప్పింది. ఈ "వెళ్ళు" విని మాత్రం వెళ్ళింది. మెట్లు దిగుతుంటే తన చేతుల్ని తనే కొట్టుకోవాలనిపించింది.

అధికారి గదిలో బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది. పటాన్ని ఎవరో సరిచేశారు.

"ఒక్క సంతకం చాలమ్మా. సందర్శకుడు బోర్డు పట్టించుకోకుండా వ్యతిరేక దిశలో నడిచాడు, దారి సక్రమంగా ఉంది, అని. దారి చూసేది మీరు కాబట్టి మీ సంతకం ఉండాలి. మీకేం కాదు. నాకూ ఏం కాదు."

ఈసారి ఆమె కూచుంది. ప్యాంటు రంగు కుర్చీకి అంటుకున్నా పట్టించుకోలేదు. కోపం లేక కాదు. కోపం ఎంత ఉందంటే, ఇక అరవడానికి చోటు లేదు.

"ఆ రోజు మీరు ఒకటి అడిగారు సార్. ఎందుకు తిరిగొస్తారని. నేను తిట్టేసి వెళ్ళిపోయాను. ఇప్పుడు చెబుతాను, వినండి. ముందుకి పోయేవాడు బాగున్నవాడు. కాళ్ళలో ఓపిక ఉంటుంది, సంచిలో నీళ్ళుంటాయి. గుర్తు ఒకటి తప్పినా ఎలాగో వెతుక్కుంటాడు. సగంలో వెనక్కి తిరిగినవాడికి ఏదో అయి ఉంటుంది. కాలు పట్టేస్తుంది. పిల్లకి జ్వరమొస్తుంది. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకుని ఒకళ్ళు ఏడుస్తూ వస్తారు. ఊరికే భయమేసి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు. బాగోలేనివాడే తిరిగొస్తాడు సార్. మనం బాగున్నవాడికి గుర్తులుంచి బాగోలేనివాడికి చెరిపేశాం. మీరు తెలియక చెప్పారు. నేను తెలిసి చేశాను. కాగితం మీద అది రాయండి, సంతకం పెడతాను."

ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశాడు. విన్నాడు. విన్నట్టు మొహం మీద కనబడింది కూడా. కానీ కొందరికి వినడం వేరు, పైవాళ్ళకి చెప్పడం వేరు.

"అలా రాస్తే విచారణ వస్తుంది. ముందు పోయేది మీ ఉద్యోగమే."

"ముందో వెనకో, ఏదో ఒకటి పోతుంది లెండి."

"సరే. విచారణ అయ్యేవరకు పనిలోకి రాకండి. డబ్బా, బ్రష్షులు స్టోరులో అప్పగించండి."

అప్పగించింది. ఇల్లు చేరింది. మూడో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో కిటికీ పక్కన భర్త కుట్టుమిషను. దర్జీ. నెమ్మదైన మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఆమె అరుస్తుంటే ఆయన సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. రెండు రోజులు ఆమె ఇంట్లో ఉంది. గిన్నెలు తోమింది, అవి చొట్టలు పడ్డాయి. కిటికీ ఊచలు తుడిచింది, ఒకటి ఊడింది. మూడో రోజు పొద్దున్న దర్జీ మిషను ఆపాడు.

"ఇంట్లో ఎన్నాళ్ళుంటావు?"

"విచారణ అయ్యేవరకు. ఏం, బరువైపోయానా?"

"బరువేం కాదు. చప్పుడైపోయావు. నేను కుట్టిన కాలరు కుట్టినట్టే ఊడదీస్తున్నాను రెండు రోజులుగా." అని మంచం కింద వైపు చూపించాడు. "అక్కడ పాత డబ్బాలున్నాయిగా. నువ్వే ఎప్పుడో సొంత రంగు కొనుక్కుని దాచుకున్నావు, ఆఫీసు రంగు నాసిరకమని. మూత తీస్తే ఎండిపోయి ఉండదనుకుంటా."

ఆమె ఆయన వైపు ఒకసారి చూసింది. ఒక పాత బ్రష్షు, మూడు డబ్బాలు బయటకి లాగింది. ఒకటి గడ్డకట్టింది. రెండు బాగానే ఉన్నాయి. నీలం.

ఆ రోజు సెలవు. గేటు దగ్గర జనం బారు తీరి ఉన్నారు. రంగులక్క వరసలో నిలబడింది. ఒక చేతిలో డబ్బాల సంచి, వీపున పీట. కిటికీలోంచి తమ్ముడు చూసి గతుక్కుమన్నాడు.

"అక్కా! నిన్ను లోపలికి పంపొద్దన్నారే!"

"పనికి రావద్దన్నారు. పనికి వచ్చానని ఎవడన్నాడు? షికారుకొచ్చాను. టిక్కెట్టియ్యి."

"ఆ డబ్బాలేంటి మరి?"

"సందర్శకులు సంచిలో ఏం తేకూడదో బోర్డు మీద రాసుందిగా. చదువు. నిప్పు తేకూడదు, కత్తి తేకూడదు, కుక్కని వదలకూడదు. రంగు తేకూడదని ఉందా?"

"లేదు..."

"మరి? ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి టిక్కెట్టు కొనుక్కుని వెళ్తున్నాను. కాస్త మర్యాదగా చింపు."

వెనకనించి ఎవరో "త్వరగా కానివ్వండమ్మా" అన్నారు. ఆమె తిరిగి చూసిన చూపుకి అతను రెండడుగులు వెనక్కి వేశాడు. తమ్ముడు టిక్కెట్టు చింపాడు. పుస్తకంలో అక్క పేరు రాశాడు, నీలం దారి అని.

ఆమె గేటు పక్కనున్న చివరి చెట్టు దగ్గర మొదలుపెట్టలేదు. సైకిళ్ళని, జనాన్ని తప్పించుకుంటూ దారిన పోయేవాళ్ళలాగే నడిచి, ముందుగా కలప బాట దగ్గరికి వెళ్ళింది. ఆ మలుపు చెట్టు వెనక్కి వెళ్ళి పీట వేసింది. అతికించిన నాచు గోళ్ళతో పీకింది. ఇనప బ్రష్షు లేదు. వంటింటి గిన్నెలు తోమే పీచు తెచ్చుకుంది. గీకింది. తన చేత్తో పూసిన పూత తన చేతికే లొంగలేదు. బూతులు తిడుతూ గీకింది. పిల్లల్ని తీసుకుని పోతున్న తల్లులు చెవులు మూశారు. ఒకాయన "ఏం చేస్తున్నారు?" అని అడిగితే, "పాపం చేశాను, కడుక్కుంటున్నాను, నడు," అంది.

మొదటి రోజు ఇరవై ఆరు గుర్తులు. రెండో రోజు మళ్ళీ టిక్కెట్టు, ముప్ఫై ఒకటి. ఆ రెండో రోజున ఒక జంట ఎదురుగా వచ్చింది. తండ్రి భుజం మీద నాలుగేళ్ళ పిల్ల, మోచెయ్యి గీరుకుపోయి ఎక్కెక్కి ఏడుస్తోంది. రంగులక్కని చూసి ఆగారు.

"ఇటు రాకూడదన్నారు, తెలుసండీ. కానీ పాప పడిపోయింది..." అంది తల్లి, తప్పు చేసినట్టు.

"ఎవడన్నాడు రాకూడదని? అదిగో, ఆ చెట్టు కనబడుతోందా? దాని తర్వాత పొట్టి చెట్టు. అక్కడిదాకా వేశాను. ఆ తర్వాత గేటు దాకా ఇంకా వెయ్యలేదు, కుడిచేతి పక్క కాలవ వదలకుండా నడవండి. పోండి!"

ఆమె అరుపుకి పిల్ల ఏడుపు ఆపేసింది.

మూడో రోజు మధ్యాహ్నం అధికారి వచ్చాడు. ఇస్త్రీ మడత నలిగింది, బూట్లకి బురద. చాలా దూరం నడిచినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు. ఆమె పీట మీద ఉంది. దిగలేదు.

"ఆపండి. ఇది ప్రభుత్వ ఆస్తి. మీ మీద కేసు పెట్టాల్సొస్తుంది."

"పెట్టండి."

"నేను పైకి రాశానమ్మా, మీరు చెప్పినట్టే. రెండువైపులా గుర్తులుండాలా వద్దా అని. జవాబు రావాలి కదా. అంతవరకు ఆగలేరా?"

"జవాబు వచ్చేదాకా జనాన్ని రావద్దని చెప్పి గేటు మూయండి, ఆగుతాను."

ఆయన వెనక్కి తిరిగి, వచ్చిన దారి వైపు చూశాడు. తర్వాత జేబులోంచి ఫోను తీశాడు.

"నేను మిమ్మల్ని చూసినట్టు, మీరు ఆపనన్నట్టు రికార్డు ఉండాలి. ఫొటో తీస్తున్నాను. మళ్ళీ ఏమీ అనుకోకండి."

"ఏమనుకుంటాను? తియ్యండి," అంది ఆమె, బ్రష్షు డబ్బాలో ముంచుతూ. "అక్కణ్ణించి కాదు. అక్కడ నా వీపొక్కటే పడుతుంది. ఈ పక్కకి రండి, గుర్తు కూడా పడాలి. ఆ, ఇంకొంచెం వెనక్కి."

ఆయన బురదలో రెండడుగులు వెనక్కి వేసి ఫొటో తీశాడు. ఆమె పీట దిగి, దాన్ని వీపుకి తగిలించుకుని తర్వాతి చెట్టుకి వెళ్ళింది.